పళ్లు తోముకునేటప్పుడు రక్తం కనిపిస్తే: చిగుళ్లను కాపాడుకునే పద్ధతి

పళ్లు తోముకుంటూ ఉమ్మినప్పుడు ఎర్రటి చార కనిపించిన రోజు నుంచి చాలామంది ఆ చోట బ్రష్ తగలకుండా తప్పించడం మొదలుపెడతారు. చిగురుకు గాయమైందనీ, నాలుగు రోజులు కదిలించకుండా ఉంటే మానిపోతుందనీ అనుకుంటారు. నిజానికి చాలా సందర్భాల్లో ఆ చోట పాచి పేరుకుపోవడం వల్లనే చిగురు వాచి, ముట్టుకోగానే రక్తం కారుతుంది. కాబట్టి ఆ చోటునే మెత్తని బ్రష్‌తో, మరింత శ్రద్ధగా, రోజూ శుభ్రం చేయాలి. తొలిదశలో ఉన్న వాపు అయితే ఇలా చేసిన ఒకటి రెండు వారాల్లోనే సాధారణంగా తగ్గుముఖం పడుతుంది.

పాచి అంటే పళ్ల సందుల్లో చిక్కిన అన్నం మెతుకులు కావు. పంటిని అంటిపెట్టుకుని పెరిగే సూక్ష్మజీవుల పొర. శుభ్రంగా తోమిన పంటి మీద కూడా అది కొద్ది గంటల్లోనే మళ్లీ ఏర్పడడం మొదలవుతుంది. తీయకుండా వదిలేస్తే గట్టిపడి గారగా మారుతుంది. బెంగళూరుకు వచ్చి స్థిరపడిన మనవాళ్లలో కొందరు ఇక్కడి బోరు నీళ్ల వల్లనే గార పడుతోందని అంటారు గానీ, గారను గట్టిపరిచే కాల్షియం, ఫాస్ఫేట్ ప్రధానంగా మన లాలాజలం నుంచే వస్తాయి. కింది ముందు పళ్లకు నాలుక వైపున, పై దవడ పళ్లకు బుగ్గ వైపున గార ఎక్కువగా పేరుకోవడానికి కారణం కూడా ఇదే, ఎందుకంటే లాలాజల గ్రంథుల నాళాలు ఆ పక్కనే తెరుచుకుంటాయి. నాలుక కొనతో కింది ముందు పళ్ల వెనక భాగాన్ని తడిమి చూసుకుంటే, గార ఉన్నచోట గరుకుగా తగులుతుంది.

ఆరోగ్యంగా ఉన్న చిగురుకూ పంటికీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతున సన్నని సందు ఉంటుంది. వాపు ముదిరి, చిగురు పంటిని వదులుతూ పోతే ఆ సందు 4 మిల్లీమీటర్లు, అంతకు మించిన లోతుకు దిగి, బ్రష్ చేరలేని పాకెట్‌గా మారుతుంది. లోపల పంటిని పట్టి ఉంచే ఎముక అరిగిపోతుంది. జనం పయోరియా అని పిలిచే దశ ఇదే. చిగుళ్ల వాపు పూర్తిగా నయమవుతుంది, పోయిన ఎముక మాత్రం చాలావరకు తిరిగి రాదు. పైగా ఇదంతా చాలాకాలం నొప్పి లేకుండానే జరుగుతుంది కాబట్టి, నొప్పి వచ్చాక చూద్దామనుకోవడం ఈ జబ్బు విషయంలో చాలా ప్రమాదకరమైన ఆలోచన.

తోమే పద్ధతిలో మార్చుకోవలసినది బ్రష్ ఆనే చోటు. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్‌ను పంటికి అడ్డంగా కాక, సుమారు 45 డిగ్రీల వాలులో, కుచ్చు కొనలు చిగురు అంచును తాకేలా ఆనించాలి. అక్కడే ఉంచి చిన్న చిన్న కదలికలతో ఆడించి, ఆ తరువాత పంటి కొన వైపుకు తుడవాలి. ఒకేసారి రెండు మూడు పళ్లకు మించి పెట్టుకోకుండా, వెలుపలి వైపు పూర్తిచేశాక లోపలి వైపు కూడా అదే వరుసలో తోమాలి. ముందు పళ్ల లోపలి వైపున బ్రష్ అడ్డంగా పట్టదు కాబట్టి నిలువుగా పట్టుకోవాలి. కుచ్చు విచ్చుకునేంత గట్టిగా నొక్కితే చిగురు వెనక్కి జారి పంటి వేరు బయటపడుతుంది; కొద్ది వారాలకే బ్రష్ చెదిరిపోతోందంటే మీరు బలంగా తోముతున్నారని గుర్తించాలి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠానీ గింజంత చాలు. రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ 2 నిమిషాలు తోమాలి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి ఈ రెండింటిలో పడుకోబోయే ముందు తోమడం ముఖ్యం. వైట్‌ఫీల్డ్, మాన్యతా వంటి ఐటీ ప్రాంతాల్లో రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి పడుకునేవారు కూడా ఆ నిద్రకు ముందే తోముకోవాలి.

ఎంత బాగా తోమినా పళ్ల మధ్య సందుల్లోకి బ్రష్ వెళ్లదు, జబ్బు తరచుగా మొదలయ్యేది అక్కడే. సుమారు 45 సెంటీమీటర్ల ఫ్లాస్ దారాన్ని రెండు మధ్యవేళ్లకు చుట్టుకుని, సందులోకి నెమ్మదిగా దించి, పంటి ఒంపును హత్తుకునేలా వంచి, చిగురు అంచు కిందిదాకా పైకీ కిందికీ కదపాలి; తరువాత పక్క పంటికీ అలాగే చేయాలి. సందులు వెడల్పుగా ఉన్నవారికి మెడికల్ షాపుల్లో దొరికే, సందుకు సరిపడే ఇంటర్‌డెంటల్ బ్రష్ (పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్) మేలు. భోజనం కాగానే గుండుసూదితోనో పిన్నీసుతోనో కెలుక్కునే అలవాటును మాత్రం తప్పక మానుకోవాలి.

గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలిస్తే కొంత ఉపశమనం కలుగుతుంది, గార మాత్రం ఊడదు. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి పంటిని అరగదీస్తాయి. సూక్ష్మజీవులను చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. ఎక్కువ కాలం వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడవచ్చు, రుచి తేడాగా అనిపించవచ్చు.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు షుగర్, బీపీ పరీక్షలతో పాటు చిగుళ్లను కూడా చూపించడం అవసరం. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్‌ను అదుపులో ఉంచడం కష్టమవుతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందుల వల్ల కొందరిలో చిగుళ్లు పెరిగి పళ్ల మీదికి వస్తాయి. మందును సొంతంగా ఆపకుండా రాసిన డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. సిగరెట్టు తాగేవారికి రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తం కారడం తగ్గుతుంది కాబట్టి, చిగుళ్లు బాగున్నాయని వారు మోసపోయే అవకాశం ఉంది. గర్భిణులలో హార్మోన్ల మార్పు వల్ల చిగుళ్లు త్వరగా వాస్తాయి; వారికి క్లీనింగ్ చేయించుకోవడం సురక్షితమే, నాలుగు నుంచి ఆరో నెల దాకా మరింత అనుకూలం.

గట్టిపడిన గారను ఇంట్లో తీయలేము, దంతవైద్యుడి దగ్గర పరికరంతో గార తీయించుకోవడం, అంటే స్కేలింగ్, చేయించుకోవలసిందే. స్కేలింగ్ వల్ల పళ్లు వదులవుతాయన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. నిజానికి పళ్లు వదులయ్యేది స్కేలింగ్ వల్ల కాదు; ఎముక అప్పటికే అరిగిపోగా గార అడ్డుగా ఉన్నంతకాలం ఆ వదులు తెలియదు, గార తీశాక బయటపడుతుంది. పళ్లు కొద్ది రోజులు జివ్వుమనడం కూడా మామూలే. ఖర్చుకు వెనుకాడేవారు బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి దగ్గర ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్లవచ్చు. ఎక్కడికి వెళ్లినా పాకెట్ల లోతు కొలిచి చెప్పమని అడగండి. రెండు వారాలు సరిగా శుభ్రం చేసినా రక్తం ఆగకపోయినా, పన్ను కదిలినా, చీము వచ్చినా చిగుళ్ల నిపుణుడైన పెరియోడాంటిస్టుకు చూపించాలి. ముఖం వాచి జ్వరం వస్తే అదే రోజు వెళ్లాలి. పాకెట్ల లోపలిదాకా లోతైన క్లీనింగ్ జరిగినవారు సాధారణంగా మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ చూపించుకోవాలి. మిగతావారు ఎన్నాళ్లకోసారి రావాలో తమ చిగుళ్ల పరిస్థితిని బట్టి డాక్టరునే అడిగి, ఆ తేదీని ఫోన్‌లో పెట్టుకోవాలి.