ఒంటరిగా కొండల్లోకి వెళ్లిన మనిషి తిరిగి రాకపోతే ఎలా వెతకాలి?

సాయంత్రం ఆరుకల్లా వచ్చేస్తానన్న మనిషి రాత్రి తొమ్మిదైనా రాలేదు. ఫోన్ స్విచాఫ్ వస్తోంది. ఇంట్లో అందరికీ ఒకటే ఆలోచన: టార్చ్ తీసుకుని ఆ కొండకు బయల్దేరాలి. ఆ తొందర సహజమే. కానీ ఒక్క నిమిషం ఆగండి. కొండ మీద వెతకడం తెలిసినవాళ్లు దొరుకుతారు. వెళ్లిన మనిషి ఏ బూట్లు వేసుకున్నారు, ఏ దారిన వెళ్తానన్నారు, దారి తప్పితే మొండిగా ముందుకే వెళ్తారా లేక ఆగి కూర్చుంటారా అన్నది చెప్పగలిగేది మాత్రం మీరే. మొదటి కొన్ని గంటల్లో ఈ సమాచారాన్ని సరైన వాళ్ల చేతిలో పెట్టడమే మీరు చేయగల అతి పెద్ద సాయం.

1. నిజంగా ఆలస్యమైందా? లెక్క వేయండి

కొండ దారికి ఎంత సమయం పడుతుందో అంచనా వేయడానికి ఇప్పటికీ వాడే లెక్క ఒకటుంది. 1892లో స్కాట్లాండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పింది. దూరానికి గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. అంటే 12 కిలోమీటర్ల నడక, 900 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి దాదాపు నాలుగు గంటలు. ఇందులో విశ్రాంతి, తిండి, ఫొటోలు, వాన ఏవీ లేవు కాబట్టి ఇంకో గంటో రెండో కలపండి. దిగడానికి పట్టే సమయాన్నీ మర్చిపోకండి.

ఆ లెక్క దాటిపోయి, చీకటి కూడా పడిందంటే ఇక ఆగొద్దు. 24 గంటలు గడిస్తే గానీ మిస్సింగ్ కంప్లైంట్ ఇవ్వకూడదని చాలామంది అనుకుంటారు. కొండల విషయంలో ఈ అపోహ ప్రాణం మీదికి తెస్తుంది. గంటకు 3 కిలోమీటర్లు నడిచే మనిషి, చివరిగా కనిపించిన చోటు నుంచి గంట తర్వాత దాదాపు 28 చదరపు కిలోమీటర్ల మేరలో ఎక్కడైనా ఉండొచ్చు. రెండు గంటలైతే అది 113 చదరపు కిలోమీటర్లు. సమయం రెట్టింపైతే వెతకాల్సిన నేల నాలుగింతలవుతుంది. మీరు ఫోన్ చేసిన పది నిమిషాలకే మనిషి ఇంటికొచ్చేసినా ఎవరికీ నష్టం లేదు. వచ్చేశారని మళ్లీ ఒక ఫోన్ చేస్తే చాలు.

2. ఎవరికి, ఏం చెప్పాలి

ఇండియాలోనూ యూరప్ దేశాల్లోనూ 112, అమెరికాలో 911. మనిషి వెళ్లిన కొండ వేరే రాష్ట్రంలోనో వేరే దేశంలోనో ఉంటే, ఆ ప్రాంతం పోలీసులకు గానీ అక్కడి అటవీ శాఖకు గానీ నేరుగా చెప్పాలి. మీ ఊళ్లో ఇచ్చిన కంప్లైంట్ అక్కడికి చేరేసరికి రాత్రి గడిచిపోవచ్చు.

ఫోన్ చేసేముందు ఒక కాగితం మీద రాసుకోండి. టెన్షన్‌లో ముఖ్యమైనవే మర్చిపోతాం. పేరు, వయసు, ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ దిగాలి, ఎన్నింటికి బయల్దేరారు, చివరిగా ఎవరితో ఎప్పుడు మాట్లాడారు, వేసుకున్న బట్టల రంగు, బ్యాగ్ రంగు, దగ్గరున్న నీళ్లు, తిండి, వాడే మందులు. షుగర్, ఆస్తమా, మూర్ఛ లాంటివి ఉంటే తప్పకుండా చెప్పండి. ఈమధ్య దిగులుగా ఉన్నారా అని పోలీసులు అడిగితే కోపం తెచ్చుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. పరువు కోసం దాచిన మాట వల్ల వెతికేవాళ్లు వేరే వైపుకు వెళ్లిపోతారు.

మరో ముఖ్యమైన సంగతి. మీ మనిషి ఫోన్ మోగుతుంటే బంధువులంతా వరుసగా కాల్ చేయకండి. చలికి, సిగ్నల్ కోసం వెతుక్కోవడానికి ఆ బ్యాటరీ అప్పటికే చాలావరకు అయిపోయి ఉండొచ్చు. ఇంట్లో ఒక్కరే ఒక ఎస్సెమ్మెస్ పంపండి: "ఉన్నచోటే ఉండు. 112కి ఫోన్ చెయ్. వెతకడానికి వస్తున్నాం." మాట్లాడటానికి సరిపోని సిగ్నల్‌లో కూడా ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది. మీకు సొంత నెట్‌వర్క్ లేనిచోట కూడా, వేరే కంపెనీ టవర్ అందితే 112 కాల్ కలిసే అవకాశం ఉంటుంది.

2013లో అమెరికాలోని అప్పలాచియన్ ట్రైల్ అనే పొడవైన కొండ కాలిబాటలో ఒంటరిగా నడుస్తున్న ఒకావిడ కాలకృత్యాల కోసం దారి దిగి అడవిలోకి వెళ్లారు, తిరిగి దారి కనుక్కోలేకపోయారు. భర్తకు పంపిన మెసేజ్‌లు సిగ్నల్ లేక వెళ్లలేదు. పెద్ద ఎత్తున వెతికినా దొరకలేదు. రెండేళ్ల తర్వాత ఆవిడ టెంటు, అవశేషాలు కనిపించిన చోటు ట్రైల్‌కు దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆవిడ రాసుకున్న నోట్‌బుక్‌ను బట్టి, కనీసం మూడు వారాలకు పైగా బతికే ఉన్నారు. దట్టమైన అడవిలో మూడు కిలోమీటర్లు అంటే ఎంత దూరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

3. ఇంట్లో వెతకండి

కొండకు బయల్దేరేముందు ఆ మనిషి గదిలోకి వెళ్లండి. ల్యాప్‌టాప్‌లో చివరిగా చూసిన మ్యాపులు, ట్రెక్కింగ్ యాప్‌లో సేవ్ చేసుకున్న రూట్లు, గూగుల్ మ్యాప్స్‌లో ఎవరితోనైనా షేర్ చేసిన లొకేషన్, ఉదయం స్నేహితులకు పంపిన ఫొటోలు, అన్నీ చూడండి. ఫొటోలో వెనక కనిపించే శిఖరం, ఎండ పడుతున్న వైపు కూడా ఆధారాలే. శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం) వాడేవాళ్లైతే దాని ట్రాకింగ్ పేజీ తెరవండి. ఫోన్ చివరిగా ఏ టవర్‌ను అందుకుందో పోలీసులు కంపెనీ నుంచి తెప్పించుకోగలరు. అయితే కొండల్లో ఫోన్ ఒక్కోసారి లోయ అవతల ఎక్కడో ఉన్న టవర్‌తో కలుస్తుంది. టవర్ పక్కనే మనిషి ఉన్నట్టు అనుకోకండి.

బీరువాలో ఏవి లేవో చూడండి. వెచ్చటి జాకెట్ తీసుకెళ్లారా, ఇక్కడే వదిలేశారా? హెడ్‌ల్యాంప్, టెంటు, స్టవ్ ఉన్నాయా? జాకెట్ కొక్కేనికే వేలాడుతుంటే వెతికేవాళ్లు రాత్రి చలి గురించి తొందరపడాలి. స్లీపింగ్ బ్యాగ్ కనిపించకపోతే, అసలు ఆ రాత్రికి తిరిగి రావాలన్న ఉద్దేశమే లేకపోయి ఉండొచ్చు.

బూట్లు మరీ ముఖ్యం. అదే కంపెనీ పాత జత ఇంట్లో ఉంటే బూటు అడుగుభాగం ఫొటో తీసి పంపండి. అరిగిన చోటు, సైజు తెలిసేలా పక్కన స్కేలు పెట్టండి. బురదలో కనిపించిన పది అడుగుజాడల్లో ఏది తనదో తేల్చేది ఆ ఫొటోనే. కొండలు ఎక్కే అలవాటున్న వాళ్లకు ముందుగానే చెప్పాల్సిన మంచి పని ఒకటుంది. మెత్తటి టవల్ మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి, బూట్లతో ఒకసారి దాని మీద నిలబడితే ముద్ర అచ్చుగా పడుతుంది. దాన్ని ఇంట్లో దాచిపెట్టుకోవాలి.

వాసన పట్టే కుక్కలు వచ్చే అవకాశం ఉంటే, ఆ మనిషి వాడిన, ఉతకని బట్ట ఒకటి కావాలి. దిండు గలీబు, సాక్స్, బనియన్ ఏదైనా సరే, ఇంకెవరూ ముట్టనిది. చేత్తో పట్టుకోకండి. శుభ్రమైన కాగితపు సంచిని తిరగేసి చేతికి తొడుక్కుని, బట్టను లోపలికి లాగి మూత మడవండి. బట్టల బుట్టలో అందరి దుస్తులతో కలిసి ఉన్నది పనికిరాదు. ఆ గదిని సర్దకండి, దుప్పట్లు ఉతకకండి.

4. బండి ఉన్నచోటు

కారో బైకో ట్రైల్ మొదట్లో కనిపిస్తే, మనిషి ఇంకా కొండ మీదే ఉన్నట్టు దాదాపు ఖాయం. తాళం మీ దగ్గరున్నా పోలీసులు వచ్చేదాకా తలుపు తీయకండి. సీటు మీద ఉన్న బిల్లు, మ్యాపు, వదిలేసిన నీళ్ల బాటిల్ కూడా ఏదో ఒకటి చెబుతాయి. చుట్టూ నడిచి అడుగుజాడలు చెరపకండి. తిరిగొస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఒక చీటీ వైపర్ కింద పెట్టండి.

5. కొండ మీద వెతకడం ఎలా సాగుతుంది

రెస్క్యూ టీం ముందుగా చేసే పనుల్లో ఒకటి దారులు కాయడం. దారి చీలికలు, వంతెనలు, రోడ్డును కలిసే చోట్లు, అన్నిచోట్లా ఒకరినో ఇద్దరినో నిలబెడతారు. తప్పిపోయిన మనిషి నడుచుకుంటూ, వెతుకుతున్న ప్రాంతం దాటి వెళ్లిపోకుండా ఇది ఆపుతుంది. మీరు సాయానికి వెళ్తే మిమ్మల్ని ఇక్కడే నిలబెట్టొచ్చు. "ఊరికే నిలబెట్టారే" అనుకోకండి, అది చాలా అవసరమైన పని.

అదే సమయంలో చిన్న బృందాలు వేగంగా అసలు దారంతా చూసొస్తాయి. గుడిసెలు, నీటి ఊటలు, వ్యూ పాయింట్లు, గుహలు, కాలు జారే మలుపులు. ఇక్కడ ఒక విషయం మనసులో పెట్టుకోండి: ఎక్కేటప్పుడు కనిపించిన దారి దిగేటప్పుడు అలా కనిపించదు. ఎక్కేటప్పుడు రెండు బాటలు ఒకటిగా కలిసినట్టున్న చోట, దిగేటప్పుడు చీలిక ఎదురవుతుంది. పశువులు నడిచిన బాట కాలిబాటలాగే ఉంటుంది. కాబట్టి వెతికేవాళ్లు కూడా ప్రతి చీలిక దగ్గర వెనక్కి తిరిగి చూడాలి, అలసిపోయిన మనిషి కళ్లతో ఏ బాట సులువుగా కనిపిస్తుందో ఆలోచించాలి. అలసినవాళ్లు తరచుగా పల్లానికి, నీటి శబ్దం వచ్చే వైపుకు దిగిపోతారు. వాగు వెంట దిగితే ఊరు వస్తుందని నమ్ముతారు. ఆ వాగే ఒక్కోసారి జలపాతం అంచుకో, ఎక్కలేని దిగలేని ఇరుకు లోయలోకో తీసుకెళ్తుంది.

అరిచి వెతికేటప్పుడు ఒక పద్ధతి ఉంది. అందరూ ఒకేసారి విజిల్ ఊదాలి, పేరు పెట్టి పిలవాలి. తర్వాత ఒక నిమిషం పూర్తిగా నిశ్శబ్దం. నడక ఆపాలి, జాకెట్ గరగరలాడకూడదు, వాకీటాకీ సౌండ్ తగ్గించాలి. గాయపడిన మనిషి గొంతు చాలా సన్నగా ఉంటుంది, మన అడుగుల చప్పుడులోనే కలిసిపోతుంది. పర్వతాల్లో 1894 నుంచి వాడుకలో ఉన్న ఆపద సంకేతం కూడా తెలిసుండాలి: నిమిషానికి ఆరుసార్లు విజిల్ లేదా లైటు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. జవాబు నిమిషానికి మూడుసార్లు. మూడు వినిపిస్తే వెతికేవాళ్లు పలుకుతున్నారని, ఆరు వినిపిస్తే ఎవరో సాయం అడుగుతున్నారని.

నిలబడిన మనిషి కోసమే వెతకొద్దు. స్పృహ లేని మనిషి బండ వెనక ముడుచుకుని, పొద కింద పడుకుని ఉండొచ్చు. ఆకుల మధ్య కనిపించే సరళరేఖ, అసహజమైన రంగు, ఒక మూల మెరుపు, ఇలాంటివి పట్టుకోవాలి. అడుగుజాడలు మిట్టమధ్యాహ్నం కంటే ఉదయం, సాయంత్రం ఏటవాలు వెలుతురులో బాగా తేలతాయి. రాత్రి టార్చ్‌ను నేలకు దగ్గరగా, పక్క నుంచి పడేలా పట్టుకుంటే అంచుల నీడ పడి ముద్ర కనిపిస్తుంది. ఏదైనా వస్తువు దొరికితే ముట్టకుండా ఫొటో తీయండి, లొకేషన్, సమయం రాయండి, టీం లీడర్‌కు చెప్పండి.

6. సాయానికి వచ్చేవాళ్లు

పేరు నమోదు చేయించుకోకుండా కొండెక్కకండి. సాయంత్రానికి మీరు దిగలేదంటే వెతకాల్సినవాళ్లు ఇద్దరవుతారు. చెప్పిన భాగం మాత్రమే వెతకండి, ఏ భాగం చూశారో నిజాయితీగా చెప్పండి. "అక్కడ పొదలు దట్టంగా ఉన్నాయి, సరిగా చూడలేకపోయాం" అన్న మాట కూడా విలువైనదే. లేకపోతే ఆ చోటు చూసినట్టే మ్యాపు మీద గీత పడిపోతుంది. మీకు డ్రోన్ ఉన్నా టీం అడగకుండా ఎగరేయొద్దు. గాల్లో డ్రోన్ ఉందని తెలిస్తే హెలికాప్టర్ రావడానికి వీలుండదు. హెలికాప్టర్ మీ వైపు వస్తే, సాయం కావాలని చెప్పడానికి రెండు చేతులూ పైకి చాపి ఇంగ్లీషు వై ఆకారంలో నిలబడాలి. అవసరం లేదంటే ఒక చేయి పైకి, మరొకటి కిందికి.

7. ఇంటి దగ్గర ఒకరు

బంధువులందరి తరఫున పోలీసులతో మాట్లాడేది ఒక్కరే కావాలి. ఆ ఒక్కరికీ మధ్యలో నిద్ర, భోజనం దొరికేలా ఇంకొకరు చూసుకోవాలి. సోషల్ మీడియాలో పోస్ట్ పెడితే స్పష్టమైన ఫొటో, బట్టల రంగు, చివరిగా కనిపించిన చోటు, తేదీ రాసి, ఫోన్ నంబర్‌గా పోలీసులదే ఇవ్వండి. మీ సొంత నంబర్ పెడితే మీవాళ్లు మా దగ్గరున్నారు, డబ్బు పంపండి అనే మోసగాళ్లు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ వింటే ఏ తల్లి మనసూ నిలబడదు. ఒక్క రూపాయి పంపకుండా ఆ నంబర్ పోలీసులకు ఇచ్చేయండి.

8. మనిషి దొరికితే

చలికి వణికి, తడబడుతూ మాట్లాడే మనిషిని వెంటనే నడిపించకండి. వణుకు ఆగిపోయి మత్తుగా ఉంటే పరిస్థితి ఇంకా ప్రమాదకరం. పడుకోబెట్టండి, కదిలించేటప్పుడు చాలా మెల్లగా కదిలించండి. కింద బ్యాగో, ఆకులో, మ్యాటో వేయాలి, ఎందుకంటే చల్లటి నేల ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. తడి బట్టలు తీసి పొడివి కప్పండి, తల, మెడ కప్పండి. కాళ్లు చేతులు రుద్దకండి. మద్యం ఇవ్వకండి. పూర్తి స్పృహలో ఉండి సరిగా మింగగలిగితేనే గోరువెచ్చగా తియ్యటి నీళ్లు తాగించండి. ఎత్తు నుంచి పడినట్టు అనుమానమైతే మెడ, వెన్ను కదల్చకుండా స్ట్రెచర్ కోసం ఆగండి.

కొన్నిసార్లు రోజులు గడిచినా ఆధారం దొరకదు, పెద్ద వెతుకులాట ఆపేస్తున్నామని అధికారులు చెబుతారు. ఆ మాట వినడం ఎంత కష్టమో. అయితే ఫైల్ మూసేసినట్టు కాదు. ఇప్పటిదాకా ఏయే భాగాలు, ఏ రోజు, ఎవరు చూశారో మ్యాపు కాపీ అడగండి. కొత్త ఆధారం వస్తే మళ్లీ మొదలుపెడతారా, ఎవరిని కలవాలి అని అడిగి రాసుకోండి. ఆకులు రాలే కాలంలో, మంచు కరిగాక అదే చోట్లు మళ్లీ చూడటం అవసరం.

దొరికారన్న కబురు వచ్చిన వెంటనే ఇంకా కొండ మీద ఉన్న ప్రతి బృందానికీ చేరాలి. సిగ్నల్ లేని లోయల్లో ఉన్నవాళ్ల దగ్గరికి మనిషినే పంపాల్సి రావచ్చు. ఉదయం రాసుకున్న పేర్ల జాబితా తీసి, అందరూ దిగారని ఒక్కొక్కరికీ టిక్ పెట్టండి. తర్వాత పోస్ట్‌లన్నీ తీసేయండి, వాటిని షేర్ చేసినవాళ్లనూ తీసేయమని అడగండి.