న్యూయార్క్ సబ్‌వే: రంగు కాదు, అక్షరం చూసి ఎక్కండి

న్యూయార్క్ సబ్‌వే, అంటే అక్కడి భూగర్భ రైళ్ల మ్యాపులో ముందుగా కంటికి ఆనేది రంగు. కొత్తవాళ్లను ఎక్కువగా దారి తప్పించేదీ అదే. నగరం నడిబొడ్డయిన మన్‌హట్టన్‌లో ఆ రైలు ఏ ప్రధాన మార్గం మీదుగా వెళ్తుందో తప్ప రంగు ఇంకేమీ చెప్పదు. నారింజ రంగు బి, డి, ఎఫ్, ఎం రైళ్లు నాలుగూ సిక్స్త్ అవెన్యూ కింద కలిసే నడుస్తాయి. అక్కడ దాటాక డి బ్రూక్లిన్ వైపు పోతే, ఎం క్వీన్స్‌లో తేలుతుంది. అందుకే అక్కడివాళ్లు "ఆరెంజ్ లైన్" అనరు, "ఎఫ్ రైలు" అంటారు. మీరూ దారి అడిగేటప్పుడు అక్షరమో అంకో చెప్పి అడగండి.

ఈ గజిబిజికి మూలం చరిత్రలో ఉంది. రెండు ప్రైవేటు కంపెనీల లైన్లనూ, నగరం సొంతంగా కట్టుకున్న లైన్లనూ 1940లో ఒకే గొడుగు కిందికి తెచ్చారు. పోటీగా కట్టిన లైన్లు కాబట్టి ఒకే పేరుతో వేర్వేరు స్టేషన్లు మిగిలిపోయాయి. మన్‌హట్టన్‌లో "23వ వీధి" పేరుతో ఐదు సబ్‌వే స్టేషన్లున్నాయి: 1కి ఒకటి, సి-ఇలకు ఒకటి, ఎఫ్-ఎంలకు ఒకటి, ఆర్-డబ్ల్యూలకు ఒకటి, 6కి ఒకటి. ఒకదాని నుంచి ఇంకోదానికి లోపలి దారి లేదు. ఎవరినైనా స్టేషన్ దగ్గర కలుద్దామనుకుంటే వీధి నంబరుతో పాటు అవెన్యూ పేరు, రైలు అక్షరం కూడా చెప్పుకోవాలి.

గేటు దాటే ముందు మెట్ల దగ్గరి బోర్డు చదవండి. మన్‌హట్టన్‌లో అప్‌టౌన్ అంటే ఉత్తరం, డౌన్‌టౌన్ అంటే దక్షిణం. చాలా చిన్న స్టేషన్లలో ఈ రెండింటికీ రోడ్డుకు చెరో పక్కన వేర్వేరు ప్రవేశాలుంటాయి, లోపల అటూ ఇటూ దాటే వీలుండదు. తప్పు వైపు దిగి కార్డు ట్యాప్ చేస్తే, బయటికొచ్చి అవతలి వైపు మళ్లీ డబ్బు కట్టాల్సిందే. అలా జరిగితే బయటికి రాకండి. వచ్చిన రైలెక్కి, రెండు దిక్కుల ప్లాట్‌ఫామ్‌లూ లోపలే కలిసే పెద్ద స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి తిరగండి. 1 మీద ఉంటే టైమ్స్ స్క్వేర్ గానీ కొలంబస్ సర్కిల్ గానీ, 6 మీద ఉంటే గ్రాండ్ సెంట్రల్ గానీ యూనియన్ స్క్వేర్ గానీ ఇందుకు పనికొస్తాయి.

ఇక లోకల్, ఎక్స్‌ప్రెస్ తేడా. అసలు తిప్పలన్నీ ఇక్కడే. ఒకే సొరంగంలో పక్కపక్క పట్టాల మీద లోకల్ అన్ని స్టేషన్లలో ఆగుతూ పోతుంది, ఎక్స్‌ప్రెస్ పెద్ద స్టేషన్లలోనే ఆగుతుంది. పగటిపూట మన్‌హట్టన్‌లో 1, 6, సి, ఇ లోకల్. 2, 3, 4, 5, ఏ, డి ఎక్స్‌ప్రెస్. నేచురల్ హిస్టరీ మ్యూజియానికి 81వ వీధిలో దిగాలనుకుని కొలంబస్ సర్కిల్ దగ్గర "ఏ" గానీ "డి" గానీ ఎక్కితే, ఆ 59వ వీధి స్టేషన్ నుంచి ఒక్కసారిగా 125వ వీధిలోనే తలుపులు తెరుచుకుంటాయి. ఎక్కాల్సింది బి లేదా సి. అదీ బి శనాదివారాల్లో నడవదు. అర్ధరాత్రి మాత్రం సి ఉండదు, "ఏ" రైలే లోకల్‌గా మారి 81లో ఆగుతుంది. మ్యాపులో స్టేషన్ పేరు పక్కన ఏ అక్షరాలున్నాయో చూడటం, అది ఏ రోజు, ఏ వేళ అన్నది సరిచూసుకోవడం అందుకే. 6, 7 రైళ్ల ముఖాన అంకె గుండ్రంలో ఉంటే లోకల్, డైమండ్ ఆకారంలో ఉంటే ఎక్స్‌ప్రెస్.

అక్షరం ఒకటే అయినా గమ్యం ఒకటి కాకపోవచ్చు. "ఏ" రైలు క్వీన్స్‌లో చీలిపోతుంది. జేఎఫ్‌కే విమానాశ్రయానికి హోవర్డ్ బీచ్‌లో దిగి ఎయిర్‌ట్రైన్ ఎక్కాలంటే బోగీ మీద "ఫార్ రాకవే" అని చూసి ఎక్కాలి. "లెఫర్ట్స్ బులవార్డ్" అని ఉన్నది అటు పోదు. ఇ రైలెక్కి సట్‌ఫిన్ బులవార్డ్‌లో దిగితే ఈ చిక్కు దాదాపు ఉండదు, అక్కడా ఎయిర్‌ట్రైన్ ఉంది.

రైలు మారేటప్పుడు మ్యాపులో దగ్గరగా కనిపించేదాని కంటే ఒకే ప్లాట్‌ఫామ్ మీద ఎదురుగా దొరికే మార్పిడి మేలు. క్వీన్స్‌బరో ప్లాజాలో 7 దిగి నాలుగడుగులు వేస్తే ఎన్ రైలు. అదే టైమ్స్ స్క్వేర్‌లో 1 దిగి "ఏ" ఎక్కాలంటే సెవెంత్ నుంచి ఎయిత్ అవెన్యూ దాకా సొరంగంలో నడవాలి. సామానుతో ఉన్నవాళ్లు ముఖ్యంగా పెన్ స్టేషన్‌ను తప్పించుకోండి. అక్కడ లోకల్‌కు, ఎక్స్‌ప్రెస్‌కు ప్లాట్‌ఫామ్‌లు వేరు, మెట్లు దిగి ఎక్కాలి. ఆ మార్పిడి ఒక స్టాపు అవతల 42వ వీధిలోనో, 14వ వీధిలోనో చేసుకుంటే ఎదురు తలుపులోకి నడిస్తే చాలు.

గేటు బయటికెళ్లి మళ్లీ ఉచితంగా రాగలిగే చోట్లు అరుదు. లెక్సింగ్టన్ అవెన్యూలో 59వ వీధి, 63వ వీధి స్టేషన్ల మధ్య ఆ వీలుంది. అయితే రెండుసార్లూ ఒకే కార్డు ట్యాప్ చేయాలి. ఫోన్‌లో ఉన్నది అదే బ్యాంకు కార్డయినా దాన్ని వేరే కార్డుగానే లెక్కగడతారు. న్యూజెర్సీ నుంచి వచ్చే పాత్ (PATH) రైలు అసలు సబ్‌వేలో భాగమే కాదు. సిక్స్త్ అవెన్యూలో రెండింటి గేట్లూ దగ్గర దగ్గరగానే ఉంటాయి గానీ టికెట్ వేరు.

పట్టాల మరమ్మతులు ఎక్కువగా రాత్రుళ్లు, శనాదివారాల్లో పెడతారు. అప్పుడు మ్యాపులో ఉన్నది నడవకపోవచ్చు, ఎక్స్‌ప్రెస్ లోకల్ పట్టా మీదికి రావచ్చు. బయల్దేరే ముందు సబ్‌వేను నడిపే సంస్థ ఎంటీఏ యాప్, ప్లాట్‌ఫామ్ మీద అతికించిన కాగితాలు రెండూ చూడండి.

జి రైలుకు బోగీలు తక్కువ, ప్లాట్‌ఫామ్ మధ్యలో నిలబడండి. రద్దీ వేళలో ఒక్క బోగీ మాత్రం ఖాళీగా వస్తే సంబరపడి ఎక్కకండి. ఏసీ పాడై ఉంటుంది, లేదా లోపల కంపు కొడుతూ ఉంటుంది. లిఫ్టు అవసరమైనవాళ్లు మ్యాపులో వీల్‌చైర్ గుర్తుతో ఆగిపోకుండా అది ఏ దిక్కుకో కూడా చూడాలి. ఉదాహరణకు 49వ వీధి స్టేషన్‌లో ఆ సౌకర్యం అప్‌టౌన్ వైపు మాత్రమే ఉంది.