డేలియా దుంపలు నాటే ముందు జాగ్రత్తలు

ఈ మధ్య పరిచయస్తులొకరి పెరట్లో నాటిన డేలియా పూలమొక్క దుంపలు ఆరు వారాలు దాటినా మొలకెత్తకపోవడంతో మట్టి తవ్వి చూడవలసి వచ్చింది. పైకి తీసిన దుంపను వేలితో నొక్కగానే తొక్క ఊడిపోయింది, లోపలి గుజ్జు దుర్వాసనతో నీరుకారింది. దుంపలు మంచివే, మట్టీ మంచిదే. నాటిన రోజు నుంచి వారు ప్రతి ఉదయం తప్పకుండా నీరు పోశారు; నష్టమంతా అక్కడే జరిగింది.

ఎండ తగలాలని, మట్టి గుల్లగా ఉండాలని అందరికీ తెలుసు కనుక అసలు తప్పు దగ్గరికే వస్తాను. మొలక మట్టిపైన కనిపించేదాకా దుంపకు నీరు పోయకండి. విత్తనం మొలవడానికి తడి కావాలి కాబట్టి దుంపకూ కావాలని చాలామంది అనుకుంటారు. కానీ దుంప తనలోనే నీటిని, ఆహారాన్ని దాచుకొని ఉంటుంది. మొలకను పైకి పంపడానికి ఆ నిల్వ సరిపోతుంది. నీటిని పీల్చే పీచువేళ్లు ఇంకా పుట్టని రోజుల్లో మనం పోసినదంతా దుంప చుట్టూ నిలిచి, మట్టిలోని గాలిని తరిమివేసి, కుళ్లుకు దారి ఇస్తుంది. మట్టి చల్లగా ఉంటే మొలక ఆలస్యమై కుళ్లుకు మరింత గడువు దొరుకుతుంది. అందుకే నేల వేడి సుమారు 15 డిగ్రీల సెల్సియస్‌కు చేరాకే నాటాలి. మట్టి మరీ పొడిగా ఉంటే ముందురోజే తడపండి. పిడికిట పట్టినప్పుడు ముద్దకట్టి, వేలు తగలగానే విడిపోయేంత తేమ చాలు.

దుంప లావును చూసి మోసపోకూడదు. పాత కాండాన్ని అంటిన మెడ దగ్గర మొలక వచ్చే కన్ను లేకపోతే ఎంత లావు దుంపైనా మొలవదు, కన్ను ఉన్న సన్నదుంప మొలుస్తుంది. మెడ విరిగినదాన్ని పక్కన పెట్టండి. 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున, మొక్కకూ మొక్కకూ 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎడంతో నాటండి.

ఊతకర్రను దుంపతోపాటే పాతండి, తర్వాత దింపితే అది దుంపను చీల్చవచ్చు. అడుగున రంధ్రం లేని కుండీ వాడకండి. పచ్చి పేడ వేయకండి. నత్రజని ఎక్కువున్న ఎరువు వద్దు. ఆకులు గుబురుగా వస్తాయి, పూలు తగ్గుతాయి. లేత మొలకల మీద రాత్రిపూట నత్తలు పడతాయి, చీకటి పడ్డాక దీపంతో వెళ్లి ఏరివేయండి. మెటాల్డిహైడ్ ఉన్న నత్తల మందును కుక్కలు, పిల్లులు తిరిగే చోట చల్లకండి, అది వాటికి ప్రాణాంతకం. ఆకుల మీద ఈనెల వెంట పసుపు చారలు కనిపించి, మొక్క గిడసబారితే మొజాయిక్ వైరస్‌ను అనుమానించండి. దాన్ని పేనుబంక పురుగు మొక్క నుంచి మొక్కకు మోస్తుంది, మందు లేదు. మొక్కను దుంపతో సహా పీకేయండి. కంపోస్టులో వేయకండి. కోసిన కత్తెరను శుద్ధి చేయకుండా మరో మొక్కను ముట్టకండి.

మొలక రావడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఈలోగా తవ్వి చూడకండి, లేత చిగురు విరుగుతుంది. ఆకాశం మబ్బు పట్టి వాన వచ్చేలా ఉంటే నాటడం వాయిదా వేయండి. ఆలస్యమవుతోందన్న ఆందోళనతో చెంబెడు నీళ్లైనా పోయకండి. మొలక కనిపించాక మాత్రం వేళ్ల దాకా దిగేలా పోసి, పైమట్టి ఆరాకే మళ్లీ పోయండి.