పొడుగు వాక్యాలు పట్టుకునే చిట్కా

మడికొండలో మేం యుద్ధ విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ రాస్తాం. ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే సులభ సాంకేతిక ఇంగ్లిష్ ప్రమాణం ప్రకారం పని చెప్పే ఇంగ్లిష్ వాక్యం 20 పదాలు, వివరించే వాక్యం 25 దాటొద్దు. వేలితో లెక్కబెట్టీ బెట్టీ కళ్లు లాగేవి. రక్షణ డేటా కాబట్టి ఆన్‌లైన్ టూల్స్‌లో అస్సలు పెట్టకూడదు.

ఆఫీసు సిస్టమ్‌లోనే ఒక కాపీ తీసుకోండి. వర్డ్ రీప్లేస్‌లో ‘చుక్క, ఖాళీ’కి బదులు ‘చుక్క, క్యారెట్ గుర్తు (^), చిన్న పీ (p)’ ఇవ్వండి. వాక్యానికో లైన్ వస్తుంది. దాన్ని ఎక్సెల్‌లో పేస్ట్ చేసి, పక్క కాలమ్‌లో మొత్తం అక్షరాల్లోంచి (లెన్), ఖాళీలు తీసేశాక (సబ్‌స్టిట్యూట్) మిగిలేవి తీసేసే ఫార్ములాతో ఖాళీలు లెక్కించి 1 కలపండి, అదే పదాల సంఖ్య. పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేస్తే పొడుగువన్నీ పైకొస్తాయి.

మొన్న హైడ్రాలిక్ పంప్ పేజీలో 34 పదాల వాక్యం దొరికింది. ప్రెషర్ దించడం, లైన్ విప్పడం, క్యాప్ పెట్టడం మూడూ అందులోనే! మూడు స్టెప్పులు చేశాను. రాత్రి షిఫ్ట్‌లో టార్చి పట్టుకుని చదివే టెక్నీషియన్‌కు అదెంత తేడానో.

ఒక్క జాగ్రత్త: ‘ఫిగ్.’ (ఫిగర్) లాంటి పొట్టి మాటల చుక్క దగ్గరా లైన్ తెగుతుంది, అప్పుడు పొడుగు వాక్యం రెండు చిన్నవిగా కనబడి తప్పించుకుంటుంది. ముందే ఆ చుక్కలు తీసేయండి, కాపీలో మాత్రమే.