విశాఖ నుంచి బొర్రా, అరకు, వంజంగి: ఇద్దరికి మూడు రోజుల కారు ప్రయాణం

విశాఖపట్నం నుంచి అరకు 115 కిలోమీటర్లే. మైదానంలో అయితే రెండున్నర గంటల దారి. అదే లెక్కతో బయల్దేరితే అరకులో ప్లానంతా తలకిందులవుతుంది. శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి ఘాట్ మొదలయ్యాక గంటకు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు సాగితే గొప్ప. ఆపైన ప్రతి చోటికీ దాని వేళ ఉంది. గుహ తలుపు తీసే సమయానికి, జలపాతం ఎండ దిగకముందు, మేఘాలు తెల్లవారుజామున చూడాలి. ఈ మూడూ కుదరాలంటే రెండు రాత్రులు కావాలి. ఒక్క రోజులో చుట్టేసి వచ్చేవాళ్లకు దక్కేది చాలావరకు ముందు వెళ్తున్న టూరిస్టు బస్సు వెనక భాగమే.

అక్టోబరు చివరి నుంచి నవంబరు వరకు మంచి కాలం. వానలు తగ్గినా జలపాతాల్లో నీళ్లుంటాయి, కొండవాలు పొలాల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూస్తాయి, కాఫీ కాయలు ఎరుపెక్కడం మొదలవుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా పచ్చదనం ఇంకా బాగుంటుంది కానీ కొండచరియలు విరిగి రోడ్డు మీద పడే రోజులవి. డిసెంబరు, జనవరిల్లో చలి బావుంటుంది, రద్దీ బాగుండదు. ఏ నెలైనా సరే మంగళవారమో బుధవారమో బయల్దేరండి. శని, ఆదివారాల్లో గదుల ధరలు పెరుగుతాయి, ఘాట్‌లో బండ్లు బారులు తీరతాయి.

కారు సంగతి ముందురోజే చూసుకోవాలి. కూలెంట్, బ్రేక్ ఆయిల్, వైపర్లు, స్టెప్నీలో గాలి. స్టెప్నీ ఉన్నా జాకీ లేని కార్లు ఎన్నో. డిక్కీ తెరిచి కళ్లతో చూడండి. మొత్తం తిరుగుడు దాదాపు 400 కిలోమీటర్లు. ఘాట్‌లో మైలేజీ పడిపోతుంది కాబట్టి లీటరుకు 12 చొప్పున లెక్కేస్తే 33 లీటర్లు దాటుతుంది. విశాఖలోనే ట్యాంకు నింపి, అరకులో మరోసారి చూసుకోండి. అడవి దారుల్లో సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే ఫోనులోకి దించుకోవాలి. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే కూడా పనిచేయదు. మూడు నాలుగు వేలు నగదు ఉంచుకోండి, అందులో వెయ్యి రూపాయలు పదులు, ఇరవైలు, యాభైలుగా. పార్కింగ్, టికెట్లు, మొక్కజొన్న పొత్తులు అన్నీ చిల్లరతోనే నడుస్తాయి. గదికి ఇద్దరి ఆధార్ కార్డులూ అడుగుతారు, ఒక్కరిది చాలదు.

ఇద్దరిలో వాంతులయ్యే మనిషి ఎవరో ముందే ఒప్పుకోండి. ఆ మనిషికి డ్రైవింగ్ వస్తే స్టీరింగ్ వాళ్లకే ఇవ్వడం మేలు. నడిపేవాళ్ల కళ్లు మలుపును ముందే చూస్తాయి, కాబట్టి కడుపు తిప్పడం తగ్గుతుంది. లేకపోతే ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డునే చూడాలి, ఫోను చూడకూడదు. ఎవోమిన్ లాంటి మాత్ర వేసుకునేటట్టయితే ఘాట్‌కు గంట, రెండు గంటల ముందు వేసుకోవాలి. నిద్ర తెస్తుంది కాబట్టి నడిపేవాళ్లు మాత్రం వేసుకోకూడదు.

మొదటి రోజు తెల్లవారుజామున ఐదున్నరకల్లా ఊరు దాటాలి. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోటలో టిఫిను, టైడా దగ్గర కాసేపు కాళ్లు చాపుకోవడం. ఘాట్ ఎక్కేటప్పుడు రెండు సూత్రాలు చాలు. మలుపుకు ముందే హారన్ కొట్టాలి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మూడో గేరులో ఇంజను మూలుగుతుంటే మొండికేయకుండా రెండోదానికి మార్చండి. పొగమంచు కమ్మితే హైబీమ్ వేయకండి. వెలుతురంతా మంచుకు తగిలి కళ్లలోకే వస్తుంది, ఎదుట తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. లోబీమ్, ఫాగ్ ల్యాంపులు, రోడ్డు అంచున తెల్లగీత చాలు.

బొర్రా గుహలు సాధారణంగా పదింటికి తెరుస్తారు. మొదటి గుంపుతో లోపలికి వెళ్తే పదకొండు దాకా ప్రశాంతంగా చూడొచ్చు. ఆ తర్వాత రైలు దిగినవాళ్లు, బస్సులవాళ్లు ఒకేసారి వస్తారు. లోపలికి వెళ్లే ముందు చేయాల్సిన పని ఒకటుంది: బయట బొంగు చికెన్ చెప్పేయండి. మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు, వెదురులోని చెమ్మతోనే ఉడుకుతుంది. అందుకు ముప్పావుగంట పడుతుంది, గుహ చూసి వచ్చేసరికి సరిపోతుంది. బొంగు మీ ఎదుటే చీల్చమనండి. బయట నల్లగా మాడి లోపల ఎముక దగ్గర ఎర్రగా ఉంటే మంట ఎక్కువై తొందరగా దించారని అర్థం, మళ్లీ నిప్పుల మీద పెట్టమనండి. చేతిలో కవర్లు కనబడకుండా చూసుకోండి, గుహ ద్వారం దగ్గర కోతులకు ప్లాస్టిక్ చప్పుడు వినబడితే చాలు.

లోపల మెట్లు తడిగా ఉంటాయి. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోవాలి, నున్నటి చెప్పులు పనికిరావు. సున్నపురాతిని గోస్తనీ నీళ్లు లక్షల ఏళ్లు కరిగిస్తూ వస్తే ఏర్పడిన గుహ ఇది. వాననీటిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ రాయిని కరిగిస్తుంది. చుక్క చుక్కగా కారేటప్పుడు ఆ సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. పైనుంచి దిగే రాతి ఊడలు, కిందనుంచి లేచే శివలింగాల్లాంటి మొలకలు అలా పుట్టినవే. తడిగా మెరుస్తున్న రాయి ఇంకా పెరుగుతోందని గుర్తు. దాన్ని చేత్తో తాకకండి. వేళ్ల జిడ్డు అంటితే అక్కడ సున్నం పేరుకోదు, రాయి నల్లబడుతుంది. రంగు లైట్లలో ఫోటోలు అంత బాగా రావు. లైట్లు లేని మూలన ఒక్క నిమిషం ఆగి పైకి చూడండి, గబ్బిలాల చప్పుడు, నీటి చుక్క పడే చప్పుడు విడివిడిగా వినిపిస్తాయి. ఇదే గోస్తని కిందికి దిగి తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

కటికి జలపాతానికి మీ కారు తీసుకెళ్లాలని చూడకండి. ఆ రాళ్ల దారిలో కారు అడుగు తగిలి ఆయిల్ ట్యాంకు పగిలితే రోజంతా అక్కడే. బొర్రా దగ్గర జీపులు దొరుకుతాయి. ధర మనిషికా, బండికా, అక్కడ ఎంతసేపు ఆగుతారు అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. చివర కొంత దూరం నడక ఉంటుంది. ధార సరిగ్గా కింద నిలబడొద్దు, నీటితోపాటు పైనుంచి రాళ్లూ జారుతుంటాయి. నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకు తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా పైన ఎక్కడో వాన పడ్డట్టే. బట్టలు, చెప్పులు తర్వాత చూసుకోవచ్చు, ముందు గట్టెక్కండి.

సాయంత్రం గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగి, చీకటి పడకముందే అరకు చేరండి. దారిలో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు కనిపిస్తాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొడి కొనేటప్పుడు చికోరీ కలిపారో లేదో ప్యాకెట్ వెనక చదవండి.

రెండో రోజు తేలిక. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం గంటన్నరలో అయిపోతాయి. పాడేరు దారిలో సుమారు 15 కిలోమీటర్ల దూరంలో చాపరాయి. పేరుకు తగ్గట్టే చాపలా పరుచుకున్న రాయి మీద నీళ్లు జారుతుంటాయి, లోతు లేనట్టే ఉంటుంది. మోసం అక్కడే. రాయి మీద పాచి కాలు నిలవనివ్వదు, జారితే కిందనున్న గుంటల్లోకి పోతారు. అంచున కూర్చుని కాళ్లు తడుపుకుంటే చాలు. అరకు నుంచి పాడేరు మొత్తం 45 కిలోమీటర్లు. మధ్యాహ్నానికే చేరి, తొందరగా తిని పడుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంటుంది, దోమల మందు రాసుకోవడం మరవకండి.

మూడో రోజు వంజంగి, కొండపైనుంచి లోయలో మేఘాలు చూసే చోటు. లంబసింగిలోనూ తెల్లవారుజామునే అందం కాబట్టి ఒకే ఉదయం రెండూ కుదరవు. మా ఓటు వంజంగికే. నాలుగింటికల్లా పాడేరులో బయల్దేరితే కొండ కింద బండి పెట్టి, టార్చితో గంటో గంటన్నరో ఎక్కి సూర్యోదయానికి పైనుంటారు. ముందురాత్రి చుక్కలు స్పష్టంగా కనిపించి గాలి లేకపోతే మేఘాలు దొరికే అవకాశం ఎక్కువ. చల్లగాలి లోయలోకి దిగి అక్కడే మంచుగా నిలిచిపోతుంది. రాత్రంతా ఈదురుగాలి వీస్తే నిద్రపోవడమే మంచిది. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, పైకెళ్లాక అదే చెమట వణికిస్తుంది. సంచిలో ఒక పొడి బనియను ఉంచుకోండి.

తొమ్మిదింటికి దిగితే జి.మాడుగుల వైపు కొత్తపల్లి జలపాతం, చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగొచ్చు. ఓపిక లేకపోతే పాడేరు నుంచి వి.మాడుగుల, చోడవరం దారి దగ్గర. రోడ్డు పనులు జరిగేచోట దుమ్ము, ఆలస్యం ఉంటాయి, గంట అదనంగా పెట్టుకోండి. చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం డిక్కీ తెరిపిస్తారు. తెలియనివాళ్లు ఇచ్చిన పార్సిలు, లిఫ్టు అడిగినవాళ్ల సంచి కారెక్కనివ్వకండి.

ప్రమాదాలు ఎక్కువగా దిగేటప్పుడే. వాలు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో దింపి పెట్రోలు మిగిల్చాలని చూస్తే బ్రేకులు కాగి పట్టు వదిలేస్తాయి. ఆటోమేటిక్ అయితే ఎల్ (తక్కువ గేరు) లోకో మాన్యువల్‌లోకో మార్చండి. కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా వెడల్పున్న చోట ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్లు పోయకండి, కాగిన డిస్కు వంకరపోతుంది. చీకటి పడకముందే నర్సీపట్నం చేరితే అక్కడినుంచి తాళ్లపాలెం, అనకాపల్లి మీదుగా రాత్రి భోజనం వేళకు విశాఖలో ఉంటారు.