జీన్స్‌తో కాపురం చేయడం ఎలా

నా మిషన్ ముందుకొచ్చే బట్టల్లో సగం జీన్సులే. పొడుగు తగ్గించమని, నడుం బిగించమని, తొడల దగ్గర చిరిగింది అతుకు వేయమని. పద్నాలుగేళ్లుగా ఇదే ఆల్టరేషన్ పని చేస్తున్నాను. నా దగ్గరికొచ్చే రిపేర్లలో చాలావరకు కొన్న రోజునో, మొదటిసారి ఉతికిన రోజునో మొదలైనవే. జీన్స్ మామూలు ప్యాంటులా ఉండదు. రంగు వదులుతుంది, నడుం సాగుతుంది, పొడుగు కుంచించుకుపోతుంది, ఒక్కోసారి కాలే మెలి తిరుగుతుంది. ఎందుకలా చేస్తుందో తెలిస్తే దానితో వేగడం తేలిక.

ముందు మీ జీన్స్ ఒకటి తీసి కాలి అంచు పైకి మడవండి. బయట నీలం, లోపల తెలుపు కదా? జీన్స్ కుట్టే గుడ్డ డెనిమ్. దాని నేతలో పడుగుకే, అంటే నిలువు దారాలకే నీలిమందు రంగు వేస్తారు, పేకను, అంటే అడ్డదారాలను తెల్లగా వదిలేస్తారు. పేక మూడు పడుగు పోగుల కిందుగా వెళ్లి ఒకదాని మీదుగా వస్తుంది. అందుకే ముఖం వైపు నీలం, వెనక వైపు తెలుపు. ఇప్పుడు పాత జీన్స్ అంచు నుంచి ఒక నీలి దారం లాగి, గోళ్లతో మెలి విప్పి చూడండి. లోపల తెల్లగా ఉంటుంది. నీలిమందు నీళ్లలో కరగదు. దాన్ని మందులతో కరిగే రూపంలోకి తెచ్చి, పసుపూ ఆకుపచ్చా కలిసినట్టుండే ఆ నీళ్లలో దారాన్ని ముంచి తీస్తారు. గాలి తగిలాక అది నీలంగా మారుతుంది. ఎన్నిసార్లు ముంచినా రంగు దారం చుట్టూ పెంకులా పట్టుకుంటుందే తప్ప నడిమి దాకా దిగదు. రాపిడి తగిలిన చోట ఆ పెంకు రాలిపోయి తెలుపు బయటపడుతుంది. మోకాళ్లు, తొడల ముడతలు, ఫోన్ పెట్టుకునే జేబు ముందుగా వెలిసిపోయేది ఇందుకే.

ఇక కొనడం. లేబుల్ మీది నడుం అంకెను నమ్మకండి. 32 అని రాసి ఉన్న ప్యాంటు టేపు పెడితే 34 రావడం నాకు రోజూ కనిపించేదే. మీకు బాగా సరిపోయే పాత జీన్స్ ఒకటి గుండీ పెట్టి నేల మీద పరవండి. నడుం పట్టీ ఈ కొస నుంచి ఆ కొస దాకా, రెండు కాళ్లూ కలిసే చోటుకి ఒక అంగుళం కింద తొడ వెడల్పు, అక్కడి నుంచి అంచు దాకా లోపలి పొడుగు, ముందు భాగంలో కలిసే చోటు నుంచి నడుం పట్టీ పై దాకా. ఈ నాలుగు కొలతలూ ఫోన్లో దాచుకోండి. కొత్తదాన్ని కూడా ఇలాగే కొలవండి.

కొలతల్లో ఏదో ఒకదానితో రాజీ పడాల్సి వస్తే నడుంతో పడండి, తొడలతో వద్దు. నడుం వెనక మధ్య కుట్టు విప్పి నేను అంగుళం, అంగుళంన్నర లోపలికి తీయగలను. తొడ బిగుతైతే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు. మామూలు ప్యాంటుకి లోపల గుడ్డ మిగులు వదులుతారు. జీన్స్ కాలి కుట్టులో అంచులు ఒకదానిలో ఒకటి మడిచి జంట కుట్టు వేసేస్తారు. వదులు చేయడానికి గుడ్డే ఉండదు.

వేసుకుని అద్దం ముందు నిలబడితే సరిపోదు. కూర్చోండి, వంగండి, గొంతుక్కూర్చోండి. గుడ్డ పూర్తిగా కాటన్ అయితే మొదటి రోజు గుండీ కాస్త కష్టపడి పెట్టుకునేలా ఉండాలి. వాడుతుంటే నడుం సాగుతుంది. ఒకటి రెండు శాతం ఎలాస్టేన్ కలిసి ఉంటే మొదటి రోజే హాయిగా ఉంటుంది, నిజమే. కానీ ఆ సాగే దారం వేడికి చెడుతుంది. అది తెగాక మోకాళ్లు సంచుల్లా వేలాడతాయి, ఎన్ని ఉతుకులు వేసినా వెనక్కి రావు. నాకైతే కాటనే ఇష్టం. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకి మాత్రం సాగేది వద్దని చెప్పలేను.

షాపులోనే ఇంకొకటి చూడండి. నడుం పట్టీ పట్టుకుని జీన్స్‌ని వేలాడదీయండి. పక్క కుట్లు రెండూ నిటారుగా దిగుతున్నాయా? డెనిమ్ నేతలో గీతలు ఏటవాలుగా ఉంటాయి, ఉతికినప్పుడు గుడ్డ ఆ వాలుకి లాగుతుంది. గుడ్డ తయారుచేసేవాళ్లు ముందే దాన్ని కొంచెం వంకరగా లాగి ఉంచుతారు, ఉతికాక సరిగ్గా రావాలని. ఆ లెక్క తప్పితే పక్క కుట్టు మోకాలి మీదికి వచ్చి కూర్చుంటుంది. "కుట్టు వంకర, సరిచేయండి" అని తెస్తారు. నేను విప్పి మళ్లీ కుట్టినా గుడ్డ తన దారిన తను పోతుంది. కొంచెం తిరిగితే పట్టించుకోకండి, బాగా తిరిగితే వెనక్కి ఇచ్చేయండి.

తొడల మీద ముందే తెల్లగీతలు గీసి ఇచ్చేవాటి గురించి ఒక మాట. వెలిసినట్టు కనబడటానికి ఒకప్పుడు చాలాచోట్ల ఇసుకను గాలితో గుడ్డ మీదికి కొట్టేవారు. ఆ దుమ్ము పీల్చి పనివాళ్ల ఊపిరితిత్తులు పాడయ్యాయి, టర్కీ 2009లో ఆ పద్ధతిని నిషేధించింది. మీ కాళ్లు మడతపడే చోటు ఒకటి, ఆ గీతలుండే చోటు మరొకటి. నాకవి ఎవరి కాళ్లో తెచ్చి తగిలించినట్టు ఉంటాయి.

ఇంటికి తెచ్చాక తెల్లగుడ్డ ముక్క తడిపి నడుం పట్టీ లోపలివైపు రుద్దండి. నీలం అంటుకుంటే కొన్నాళ్లు తెల్ల సోఫా మీద, లేతరంగు బ్యాగు పక్కన జాగ్రత్త. మొదటి రెండు ఉతుకులు విడిగా వేయండి. జిప్పు, గుండీ పెట్టి, తిరగేసి, చల్లని నీళ్లలో, కొద్ది సబ్బుతో. ఉప్పో వెనిగరో వేస్తే రంగు ఆగుతుందని చాలామంది చెబుతారు. ఆగదు. అసలే కరగని రంగు, రాపిడికి రాలుతోంది. దానికి ఉప్పు ఏం చేస్తుంది? తిరగేసి ఉతకడమే మందు. ఆరేసేటప్పుడూ తిరగేసే, నీడలో. తడిగా ఉండగానే కాళ్లని పొడవునా ఒకసారి లాగి సరిచేస్తే కుట్లు ముడుచుకోవు.

ఎన్నాళ్లకోసారి ఉతకాలి? 2014లో లివైస్ అధిపతి చిప్ బర్గ్ తాను వేసుకున్న జీన్స్ ఏడాదిగా వాషింగ్ మెషిన్ మొహం చూడలేదన్నారు. ఆ మాట పట్టుకుని ఉతకడమే మానేసినవాళ్ల జీన్సులు నా బల్ల మీదికి వస్తాయి. విప్పేటప్పుడు ముక్కుకి తెలుస్తుంది. చెమట, దుమ్ము పట్టిన కాటన్ తొడల దగ్గర తొందరగా పీలిక అవుతుంది. ఉతకడానికి బదులు ఫ్రీజర్‌లో పెట్టినా క్రిములన్నీ చావవు, చాలావరకు నిద్రపోతాయి. మరక పడితే అక్కడికక్కడ తుడవండి, వాసన వస్తే ఉతకండి. అంతకంటే లెక్క అక్కర్లేదు.

పొడుగు తగ్గించడం దగ్గర నేనే ఒకసారి దెబ్బతిన్నాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒకాయన కొత్త జీన్స్ తెచ్చి రెండంగుళాలు తగ్గించమన్నాడు. కొలిచి, కత్తిరించి, ఇస్త్రీ చేసి ఇచ్చాను. పది రోజుల తర్వాత దాన్నే వేసుకుని వచ్చాడు. చీలమండలు రెండూ బయట. ఆయన ఒక్క మాట అనలేదు, కాళ్ల వైపు చూపించాడంతే. అప్పటి నుంచి ఉతకని జీన్స్ మీద కత్తెర పెట్టను. ఫ్యాక్టరీలో ముందే కుంచింపజేయని ముడి డెనిమ్ పొడుగులో పది శాతం దాకా తగ్గవచ్చు. 32 అంగుళాల కాలికి అది మూడంగుళాల పైమాటే. రెండుసార్లు ఉతికి ఆరేశాక, మీరు ఎక్కువగా వేసుకునే బూట్లతోనే నిలబడి గుర్తు పెట్టించుకోండి.

అసలు అంచు అలాగే ఉండాలనుకుంటే దాన్ని కత్తిరించకుండా తగ్గించొచ్చు. ఆ అంచు మీద తాడు పేనినట్టు వాలుగా వెలిసిన చారలుంటాయి చూడండి, గొలుసుకుట్టు లాగిన లాగుడుకి వచ్చేవి అవి. కొత్త అంచు కుడితే అవి పోతాయి. రెండంగుళాలు తగ్గించాలంటే కాలిని బయటికి మడవండి. అసలు అంచు పట్టీ లోపలి కొస నుంచి మడత దాకా ఒక అంగుళం ఉండాలి, అంటే తగ్గించాల్సినదాంట్లో సగం. పట్టీకి ఆనుకుని చుట్టూ కుట్టండి. అర అంగుళం వదిలి మిగతా గుడ్డ కత్తిరించి, అంచు పోగులూడకుండా ఓవర్‌లాక్ కుట్టు వేసి, పట్టీని కిందికి దించి ఇస్త్రీ చేయండి. 100/16 సైజు జీన్స్ సూది వాడండి, కుట్టు కాస్త పొడవుగా పెట్టండి. పక్క కుట్టు దగ్గర గుడ్డ ఎనిమిది పొరలై మిషన్ మొరాయిస్తుంది. ఆ ఉబ్బుని ముందే గుడ్డ కప్పి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే దిగిపోతుంది. ఇంట్లోవాళ్లు కంగారు పడతారేమో, చెప్పి కొట్టండి.

సుత్తి అంటే గుర్తొచ్చింది. జేబు మూలల్లో ఆ రాగి రివెట్ల ఐడియా నాలాంటి దర్జీదే. అమెరికాలో రీనో ఊళ్లో జేకబ్ డేవిస్ జేబులు ఊడిపోకుండా వాటిని బిగించాడు. బట్టల వ్యాపారి లివై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న పేటెంట్ తీసుకున్నాడు. వెనక జేబుల రివెట్లు కుర్చీల్ని గీరుతున్నాయని తర్వాత తీసేశారు, ఇప్పుడక్కడ దారంతో దట్టమైన కుట్టే ఉంటుంది. కుడి జేబులోని ఆ బుల్లి జేబు మాత్రం జేబుగడియారాల కాలానిది. గడియారం పోయినా అది పోలేదు.

చిరుగులకి వస్తే, చిరిగాక కాదు, పలచబడ్డప్పుడే తీసుకురండి. నెలకోసారి తొడల లోపలి భాగాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి. నిలువు నీలి దారాలు ముందు తెగుతాయి, అడ్డంగా తెల్లవి మిగులుతాయి. ఆ దశలో లోపల పలచటి గుడ్డ పెట్టి, నిలువు దారాల దారినే దగ్గర దగ్గరగా కుట్టు నడిపితే ఏళ్లు వస్తుంది. మందంగా, గట్టిగా ఉండే అతుకు వేయకండి. అతుకు ఆగుతుంది గానీ దాని అంచు పక్కన కొత్త చిరుగు మొదలవుతుంది. ఇస్త్రీతో అంటించేవి ఈ పనే చేస్తాయి.

జిప్పు మాటిమాటికీ జారిపోతోందని మొన్న ఒకామె వచ్చారు. కొత్త జిప్పు వేయమన్నారు. చూస్తే పళ్లన్నీ బాగానే ఉన్నాయి. జీన్స్ జిప్పుల్లో చాలావాటికి రన్నర్ కింద చిన్న ముల్లు ఉంటుంది, పట్టుకుని లాగే బిళ్లను కిందికి వాల్చితే అది పళ్లలో దిగి పట్టేస్తుంది. ఆమె బిళ్లను పైకే వదిలేస్తున్నారు. వాల్చి చూపించాను, జిప్పు కదల్లేదు. "అంతేనా?" అన్నారు. అంతే. డబ్బులు తీసుకోలేదు.