బతుకమ్మ పాట యూట్యూబ్‌లో పెట్టే ముందు

బతుకమ్మ దగ్గరపడితే హన్మకొండ, వరంగల్‌లో రికార్డింగ్ హడావిడి మొదలు. ఛానల్ ఉన్నవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

– ట్రాక్ ఎవరిది? ఉయ్యాల పాట తాతల నాటిదైతే దానికి ఓనర్ ఎవరూ ఉండరు, కానీ అదే పాటకు పోయినేడు ఇంకొకరు చేసిన మ్యూజిక్, రికార్డింగ్ మాత్రం వాళ్లదే. వాళ్లు ఫిర్యాదు చేస్తే యూట్యూబ్ మీ ఛానల్‌కు కాపీరైట్ స్ట్రైక్, అంటే హెచ్చరిక, ఇస్తుంది; 90 రోజుల్లో అలాంటివి మూడు పడితే ఛానలే పోవచ్చు. తెలిసి కాపీ కొట్టారని కోర్టులో తేలితే 3 ఏళ్ల దాకా జైలు కూడా ఉంది.

– తెలిసిన కవి రాసిందా? ఆయన పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఇంటివాళ్లను అడగాల్సిందే.

– "పది సెకన్లే కదా, పేరు కూడా వేశాం" అనకండి. చట్టంలో అలాంటి లెక్క లేదు. రివ్యూ కోసం చిన్న ముక్క చూపించడం వేరు.

– హక్కులు కొంటే కాగితం మీద సంతకం ఉండాలి. ఫోన్లో "సరే అన్నా" అంటే చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లే లెక్క.

– పాట రాసింది మీరైతే, అడ్వాన్స్ చూసి నాలాగా చదవకుండా సంతకం పెట్టకండి. హక్కులు అమ్మినా, ఆ పాట మీరే రాశారని చెప్పుకునే హక్కు మీదే.